ఎముక లేని పుట్టగొడుగులను రాతిపగడాల జాబితాలోంచి తీసేయుట గురించి

కారంగ్ తిన్నో దీవి,
నవంబరు 21.

శ్రీయుత బహ్రుల్ మప్పియారె గారి సముఖమునకు,
ముఖ్య అధికారి, సముద్రజీవుల రవాణా తనిఖీ కార్యాలయం, మకస్సర్.

అయ్యా,

విషయం: పుట్టగొడుగు పగడాలు పద్నాలుగు స్వాధీనపరచుకొనుట, అవి ఇరవై ఒకటి అగుట, తమరి చేప ఒకటి కనబడకుండా పోవుట, వీటన్నిటికీ నన్నే బాధ్యురాలిని చేయుట, నా సాగు కార్డు తిరిగి ఇప్పించుట గురించి.

సూచికలు: తమ కార్యాలయం నుంచి వచ్చిన మూడు నోటీసులు. నాలుగోది పడవలో తడిసి చదవడానికి వీల్లేకుండా పోయినది. అందులోనూ నేరస్థురాలిని నేనే అయిన పక్షంలో దానికి కూడా ఇదే జవాబు.

పై దీవి నివాసి, డాయెంగ్ సిబాలి భార్య, వయస్సు యాభై మూడు, డాయెంగ్ తెనె అను నేను తమకు మిక్కిలి వినయముతో చేసుకొను మనవి ఏమనగా:

1. నేను పన్నెండేళ్ళుగా మా దీవికి పడమట, నడుములోతు నీళ్ళలో, సిమెంటు బిళ్ళల మీద పుట్టగొడుగులు పెంచుచున్నాను. ఇవి వానకు మొలిచి కూరకు పనికొచ్చే పుట్టగొడుగులు కావని తమకు తెలియును. సముద్రంలో రాళ్ళకు అంటుకుని, గొడుగు తిరగేసినట్టు పరుచుకుని ఉండే మెత్తని జీవులు. అద్దాల తొట్లలో చేపలు పెంచుకునే దూరదేశాల వారు వీటిని ముచ్చటపడి కొందురు. మా దీవిలో వీటిని మెత్తచెవి అంటాము. పట్టుకుంటే మేక చెవి పట్టుకున్నట్టుంటుంది గనుక.

ఇవి కాక ఇంకొకటి ఉన్నది. అది కూడా గుండ్రమే, దానికీ పుట్టగొడుగు అడుగున ఉండే చీలికల వంటి గీతలు ఉండును. కానీ లోపల రాయి. తట్టితే మోగుతుంది. దానిని మేము రాతిపళ్ళెం అంటాము. మెత్తచెవికీ రాతిపళ్ళేనికీ ఉన్న తేడా మా దీవిలో నడక రాని పిల్లలకు కూడా తెలుసు, ఎందుకంటే ఒకదాని మీద పడితే ఏడవరు, రెండోదాని మీద పడితే ఏడుస్తారు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పుస్తకాలు రాసేవారు రాతిపళ్ళేన్ని పుట్టగొడుగు పగడం అన్నారు. తొట్లకు అమ్మేవారు మెత్తచెవిని పుట్టగొడుగు పగడం అన్నారు. ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు. నన్ను అసలే అడగలేదు.

2. మా సరుకు మకస్సర్ తీసుకుపోయి విదేశాలకు పంపే వ్యాపారి పాక్ ఫర్హాన్. ముప్పయ్యేళ్ళ కుర్రాడే, అయినా వ్యాపారి గనుక అయ్యగారు అన్నట్టు పాక్ అంటాము, మర్యాదస్తుడు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు, కళ్ళు మాత్రం ఫోనులో ఉంటాయి. కిందటి మార్చిలో వచ్చి నా బిళ్ళల మీద నీలిరంగు దీపం వేసి ఫొటోలు తీశాడు. ఆ దీపం కింద నా మోచేతి మీది మచ్చ కూడా పచ్చగా మెరిసినది.

"డాయెంగ్, దీన్నేమంటారు?" అన్నాడు.

"మెత్తచెవి."

"అయ్యో, చెవి అంటే ఎవరు కొంటారండీ! 'ఎర్ర డ్రాగన్ గుండె' అందాం."

"ఇంతకుముందు దీన్నే కదా 'సుల్తానా కెంపు' అన్నావు?"

"అది కిందటేడాది. అప్పుడు కొన్నవాళ్ళే ఇప్పుడు ఇదీ కొంటారు. పేరు మారితే వేరేది అనుకుంటారు."

"మరి ఇంటికెళ్ళి రెండూ పక్కపక్కన పెట్టుకుంటే?"

"పెట్టుకుని, రెండింటికీ తేడా ఏమిటా అని ఒకళ్ళతో ఒకళ్ళు వాదించుకుంటారు. దాంతో ఇంకో నలుగురు కొంటారు."

పక్కనే వల బాగుచేస్తున్న మా ఆడపడుచు డాయెంగ్ బాజి ఈ మాటకు ఎంత నవ్విందంటే సూది నీళ్ళలో పడేసుకుంది. నేనూ నవ్వాను. అయ్యా, నవ్వినందుకు ఈ అర్జీ రాస్తున్నాను.

3. ఆగస్టు నెలలో నేను పాక్ ఫర్హాన్‌కు పదమూడు మెత్తచెవులు, ఒక సంచినోరు ఇచ్చితిని. సంచినోరు అనగా మెత్తచెవుల్లోనే పెద్దది, భోజనం పళ్ళెమంత ఉండును. దాని గుణగణాలు ఐదవ అంశంలో మనవి చేసుకుందును. పాక్ ఫర్హాన్ తన కాగితంలో "పుట్టగొడుగు పగడాలు: ఎర్ర డ్రాగన్ గుండె పదమూడు, చక్రవర్తి కమలం ఒకటి" అని రాసినాడు. విమానాశ్రయంలో తమ తనిఖీదారు పాక్ హర్సోనో ఆ కాగితం చూచి, పుట్టగొడుగు పగడం రాతిపగడాల జాబితాలో ఉన్నదనియు, దానికి ప్రత్యేక అనుమతి కావలెననియు, అది లేదనియు పెట్టె పట్టుకున్నారు. పాక్ ఫర్హాన్‌ను అడిగితే, "పెంచేవాళ్ళు చెప్పిన పేరే రాశానండీ, నాకేం తెలుసు" అన్నాడట.

డ్రాగన్‌ను నేను జన్మలో చూడలేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.

4. రాతిపళ్ళేలు దొంగిలించినందుకు నా సాగు కార్డు నిలిపివేసినట్టు మొదటి నోటీసు రాగానే నేను మొదటి పడవ పట్టుకుని తమ కార్యాలయానికి వచ్చితిని. పాక్ హర్సోనో జావా నడిబొడ్డు నుంచి బదిలీ మీద వచ్చినవారు. వారి ఊరి నుంచి సముద్రం ఎటు చూసినా ఒక పూట ప్రయాణమని వారే చెప్పారు. మంచివారు. కుర్చీ వేశారు, టీ ఇప్పించారు, ఆ తరువాత తమ వైపు వాడుక ప్రకారం అమ్మా అన్నట్టు బూ అని పిలిచి, నాకు చెప్పవలసింది చెప్పారు.

"బూ, కాగితంలో పుట్టగొడుగు పగడం అని ఉంది. జాబితాలో పుట్టగొడుగు పగడం అని ఉంది. నేనేం చేయను?"

"పెట్టె తెరిచి చూడండి పాక్. వేలితో నొక్కండి. రాయి తగిలితే నన్ను జైల్లో వేయండి."

"నొక్కి చూడమని నిబంధనల్లో లేదు."

"మరి ఏముంది?"

"పేరు సరిచూడమని ఉంది."

"మా పక్కింటి మేక పేరు నక్షత్రం, పాక్. దాన్ని చూడాలంటే మీరు తల పైకెత్తుతారా?"

వారు కాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, అది నేను చూశాను. తరువాత, "మేక మా శాఖ కిందికి రాదు" అన్నారు.

5. విచారణ పూర్తి అయ్యేవరకు సాక్ష్యం బతికి ఉండవలెనట. అందుచేత నా పద్నాలుగింటినీ తమ కార్యాలయం ముందు గదిలో తమరు స్వయంగా పెంచుకొనుచున్న అద్దాల తొట్టెలో ఉంచిరి. అందులో తమరి చేపలు రెండు, నారింజ రంగు మీద తెల్ల పట్టీలవి, ఉండెను. తమరు వాటిని పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు అని పిలుచుకుంటారని కాపలాదారు చెప్పాడు.

ఆ తొట్టె చూడగానే జరగబోయేది నాకు తెలిసిపోయింది. ఆ చేపలకు సముద్రంలో ఇల్లు వేరే ఉన్నది. వేళ్ళలాంటి తీగలు ఊపుతూ ఉండే సముద్రపు పువ్వు వాటికి ఇల్లు. ఆ పువ్వు లేని తొట్టెలో అవి ఇల్లు వెతుక్కుంటూ ఉండును. సంచినోరు చూడబోతే ఆ పువ్వులాగే కనబడును. గుండ్రంగా, పొట్టి పొట్టి తీగలతో, మెల్లగా కదులుతూ. తేడా తెలియాలంటే అంచు చూడాలి. తీగలన్నీ అయిపోయాక, అంచుకు కొంచెం ఇవతల, ఏమీ మొలవని బోడి పట్టీ ఒకటి గుండ్రంగా ఉంటుంది. మా ఇంట్లో నెల రోజులు ఉన్న విశ్వవిద్యాలయం పిల్ల నాకు ఇదే గురుతు చెప్పింది, దాని లాటిన్ పేరు కూడా చెప్పింది. ఆంప్లెక్సిడిస్కస్. నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. డాయెంగ్ బాజికి ఇప్పటికీ రాదు.

ఆ బోడి పట్టీ ఉన్నది ఇల్లు కాదు, ఉచ్చు. చేప వచ్చి కూర్చోగానే అంచులన్నీ పైకి లేచి, తాడు లాగిన సంచిలా మూసుకుంటుంది. తరువాత తెరుచుకునేసరికి లోపల చేప ఉండదు.

ఈ సంగతి నేను ఆ రోజే పాక్ హర్సోనోకు చెప్పి, సంచినోరును వేరే తొట్టెలో పెట్టమని రాతపూర్వకముగా కూడా కోరితిని. వారు నాకు రాతపూర్వకముగానే జవాబు ఇచ్చినారు. జతపరచుచున్నాను. అందులో ఇట్లున్నది: "పత్రముల ప్రకారము సదరు జీవి చక్రవర్తి కమలము. కమలములు చేపలను తినినట్లు ఈ కార్యాలయమునకు సమాచారము లేదు."

6. ఐదు రోజులకు పెళ్ళికొడుకు కనబడలేదు.

రెండవ నోటీసులో, నేను పెంచిన జీవి వలన "ప్రభుత్వ ఆవరణలోని చేప" నష్టమైనదని నన్ను సంజాయిషీ అడిగిరి. అయ్యా, తమరు రెండు రోజులు తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారని విన్నాను. నోటీసు చదివి నాకు కోపం రావలసింది, రాలేదు. నా కోడి పోయినా నేనింతే.

అయినను సంజాయిషీ ఇదే: నేను చెప్పితిని. వినలేదు.

7. సెప్టెంబరు రెండో శుక్రవారం నన్ను విచారణకు పిలిచిరి. పడవ ఆలస్యమై నేను చేరేసరికి నమాజు వేళ అయింది. మగవారందరూ మసీదుకు వెళ్ళారు. ముందు గదిలో నేను, తొట్టె, తొట్టెలో పెళ్ళికూతురు. మిగిలినది అదొక్కటే. బల్ల మీద కూర్చుని దాన్నే చూస్తున్నాను. అది సంచినోరు చుట్టూ రెండు సార్లు తిరిగింది. వద్దే, వద్దే అంటూనే ఉన్నాను. మూడోసారి వెళ్ళి మధ్యలో కూర్చుంది, పరుపు మీద కూర్చున్నట్టు. అంచులు లేవడం మొదలైంది.

గదిలో ఎవరూ లేరు. "పాక్! ఎవరైనా ఉన్నారా!" అని రెండు కేకలు వేశాను. ఆ తరువాత ఏమి చేసితినో మూడవ నోటీసులో తమ కార్యాలయం సరిగానే వ్రాసినది. తొట్టె మూత తీసితిని. చెయ్యి భుజం దాకా పెట్టితిని. మూసుకుంటున్న అంచు కింద నాలుగు వేళ్ళు దూర్చి మెల్లగా విప్పితిని. గట్టిగా లాగితే అది చిరిగిపోతుంది, దానిదీ ప్రాణమే. మిగిలిన సందులోంచి చేప బయటపడింది.

సరిగ్గా అప్పుడే చెప్పులు చేత పట్టుకుని పాక్ హర్సోనో లోపలికి వచ్చారు.

"బూ! ఏం చేస్తున్నారు! అది సాక్ష్యం!"

"మీ సాక్ష్యం అన్నం తింటోంది, పాక్!"

"చెయ్యి తీయండి!"

"తీస్తాను. ముందు దీన్ని వేరే చోట పెట్టండి. ఈసారి కమలం అంటే ఊరుకోను!"

నా బట్టలు, కార్యాలయపు నేల, వారి నమాజు టోపీ, అన్నీ తడిసిపోయినవి. "సాక్ష్యమును తడిచేతితో తాకుట" అనే నేరం ఆ రోజు నుంచి నా పేర ఉన్నది. నీళ్ళలో ఉన్నదాన్ని పొడిచేతితో ఎట్లా తాకాలో తమ కార్యాలయం తెలియపరచిన ఇకముందు అట్లే చేయుదును. ఆ సాయంత్రం పాక్ హర్సోనో సంచినోరును బకెట్టులోకి మార్చారు. వారు నాకు చెప్పలేదు, కాపలాదారు చెప్పాడు.

8. అక్టోబరులో తమ కార్యాలయం వారు సాక్ష్యాన్ని లెక్కించిరి. పదమూడు ఉండవలసిన చోట ఇరవై, బకెట్టులో ఒకటి. నేను శుక్రవారం నాడు చెయ్యి పెట్టినప్పుడు ఏడింటిని దొంగతనముగా తొట్టెలో వదిలితినని అనుమానము. దొంగతనం చేసేవాళ్ళు తీసుకుపోతారు గానీ తెచ్చిపెడతారా అని అడిగితిని. "కేసును గందరగోళపరచుటకు" అని జవాబు వచ్చినది.

అయ్యా, మెత్తచెవికి నడక ఉన్నది. ఉన్నచోటు నచ్చకపోతే రాతి మీద మెల్లగా జరుగుతుంది. జరిగేటప్పుడు అడుగున కొంచెం ముక్క వదిలేస్తుంది. ఆ ముక్కకు నోరు వస్తుంది, అది ఇంకో మెత్తచెవి అవుతుంది. కొన్నయితే మధ్యకు చీలి రెండవుతాయి. మొగుడూ పెళ్ళాం, పురుడూ పుణ్యం ఏమీ లేవు. తమ తొట్టెలో దీపం బాగున్నది, నీళ్ళు బాగున్నవి, అవి సుఖపడినవి. ఈ మాటే పాక్ హర్సోనోతో చెప్పితిని.

వారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "బూ, ప్రభుత్వ స్వాధీనంలో ఉన్న సాక్ష్యం పిల్లల్ని పెట్టదు."

"ఎవరన్నారు?"

"రిజిస్టరులో దానికి గడి లేదు."

9. నేనే బతిమాలగా ఈ నెల నాలుగవ తేదీన పాక్ హర్సోనో స్థల తనిఖీకి మా దీవికి వచ్చిరి. పడవ దిగేసరికి వారి మొహం పచ్చి అరటికాయలా ఉన్నది. డాయెంగ్ బాజి వారిని పట్టుకుని తీసుకొచ్చి, అల్లం, తాటిబెల్లం, కొబ్బరిపాలు కాచిన సరబ్బా రెండు గ్లాసులు తాగించింది. "తాగు తమ్ముడూ, సముద్రం అందర్నీ ఒకసారి ఇట్లాగే పలకరిస్తుంది" అంది. వారిని మా వైపుగానీ తమ శాఖలోగానీ అంతకుముందు ఎవరూ తమ్ముడు అన్నట్టు లేదు. రెండో గ్లాసు కూడా అడుగుదాకా తాగారు.

నేను మూడు బేసిన్లు పెట్టి, వాటి మీద చాప కప్పి, చెయ్యి లోపల పెట్టి చూడమన్నాను. మొదట వద్దన్నారు. నిబంధనల్లో తాకమని లేదు సరే, తాకవద్దని ఉందా అని డాయెంగ్ బాజి అడిగింది. లేదు. పెట్టారు.

మొదటి బేసిను. "మెత్తగా ఉంది. జారుతోంది. అమ్మో, కదిలింది."

రెండోది. "ఇదీ మెత్తనే. మీద పొక్కుల్లాగా ఉన్నాయి."

మూడోది. వెంటనే చెయ్యి తీసేశారు. వేలి మీద గీత పడింది. "ఇది రాయి" అన్నారు.

"ఇప్పుడు చెప్పండి పాక్. మీ జాబితాలో ఉన్నది ఏ బేసినులోది?"

"మూడోది."

"మీరు నా దగ్గర పట్టుకున్నది?"

వారు గీత పడిన వేలిని నోట్లో పెట్టుకున్నారు. ఆ తరువాత అన్న మాట, అయ్యా, నేను ఎవరి నోటా వినలేదు. "డాయెంగ్, మీరన్నది నిజమే. కానీ జాబితాలో ఉన్నదాన్ని ఉందని రాయడానికి నాకు ఫారం ఉంది. జాబితాలో లేనిదాన్ని లేదని రాయడానికి ఫారం లేదు." అందరు ఆడవాళ్ళనూ పిలిచే బూ పోయి, మా వైపు గౌరవంగా పిలిచే డాయెంగ్ వచ్చినందుకు సంతోషించాను.

అప్పటిదాకా గుమ్మం దగ్గర మంచం మీద పడుకుని వింటున్న మా ఆయన, "ఆ మూడో బేసినుది ఎక్కడిది?" అని అడిగాడు.

ఇక్కడ నేను ఒక సంగతి మనవి చేయవలసి ఉన్నది. ఇది ఏ నోటీసులోనూ అడగలేదు. మా ఆయన డాయెంగ్ సిబాలి పద్నాలుగేళ్ళ కిందటి వరకు రాతిపళ్ళేలు తెచ్చేవాడు. నోట్లో గాలి గొట్టం పెట్టుకుని, పడవ మీద కంప్రెసర్ పెట్టుకుని, ముప్పయి మీటర్ల లోతుకు దిగేవాడు. ఒకరోజు కంప్రెసర్ ఆగిపోయింది. ఊపిరి అందక ఒక్క ఉదుటున పైకి వచ్చేశాడు. అట్లా రాకూడదు, నెత్తురులో గాలి బుడగలు కడతాయి. వచ్చిన గంటకు నడుము కింద ఏమీ తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆ రోజు ఆయన సంచిలో తొమ్మిది రాతిపళ్ళేలు ఉన్నాయి. నేను వాటిని తీసుకెళ్ళి వచ్చినచోటనే పారేశాను. ఆ తరువాత రెండేళ్ళు వలలు కుట్టి బతికాం, అప్పుడు ఈ పని పట్టుకున్నాను. నడుములోతు నీళ్ళలో చేసేది, ఎవరి కాళ్ళూ అడగనిది. పద్నాలుగేళ్ళలో నా గడపలోకి ఒక్క రాతిపళ్ళెం రాలేదు. ఆ బేసినులోది కూడా తనిఖీ కోసమని పొరుగువారి దగ్గర ఒక్క పూటకు అడిగి తెచ్చాను, మా ఆయనకు చెప్పకుండా.

తమ మొదటి నోటీసులో నేను రాతిపళ్ళేలు దొంగిలించితినని ఉన్నది. అయ్యా, నన్ను ఏదైనా అనండి. తొట్టెలో చెయ్యి పెట్టానండి, కేకలు వేశానండి, నేల తడిపానండి. అదొక్కటి మాత్రం అనకండి. ఆ నోటీసును మా ఆయనకు ఇంతవరకు చదివి వినిపించలేదు.

పాక్ హర్సోనో ఆ పూట మా ఆయన మంచం దగ్గర కూర్చుని చేపల పులుసు తిన్నారు. పడవ వచ్చేదాకా ఇద్దరూ ఏమిటో మాట్లాడుకున్నారు. నేను వినలేదు.

10. అర్జీలో అంతా నిజమే రాయాలని మా దీవి బడి పంతులుగారు చెప్పినారు గనుక ఇది కూడా. మూడేళ్ళ కిందట ఒక గోధుమరంగు మెత్తచెవిని నీలిదీపం కింద చూపించి ఎర్రది అని నేనే ఒకసారి ఇచ్చాను. ఫర్హాన్ కన్నా ముందే. కొన్నవారు ఏ దేశంలో ఉన్నారో తెలియదు. వారి తొట్టె దగ్గర తెల్ల దీపం వెలిగించిన రోజున వారి మొహం ఎట్లా ఉండి ఉంటుందో అప్పుడప్పుడు అనుకుంటాను. అందుచేత పేరు మార్చి అమ్మినవారిని శిక్షించవలెనని నేను గట్టిగా కోరలేకపోవుచున్నాను. మెల్లగా కోరుచున్నాను.

పడమటి గాలి డిసెంబరులో దిగుతుంది. ఈలోగా బిళ్ళలన్నీ దీవికి తూర్పు పక్కకు మార్చకపోతే అలలు మొత్తం ఊడ్చుకుపోతాయి. కార్డు లేకుండా మార్చితే అది ఇంకో నేరం. నాతోపాటు ఈ పనిమీద బతికే ఆడవాళ్ళు ఆరుగురు.

కావున తమరు దయతలచి, (అ) నా సాగు కార్డు తిరిగి ఇప్పించవలెననియు, (ఆ) తమ జాబితాలో పుట్టగొడుగు అన్న మాట పక్కన "రాయి ఉన్నది మాత్రమే" అని మూడు మాటలు చేర్పించవలెననియు, (ఇ) అమ్మేవారు ఏ ముద్దుపేరు పెట్టుకున్నా కాగితం మీద దాని అసలు పేరు కూడా రాయవలెనని ఉత్తర్వు చేయవలెననియు, (ఈ) దొంగ అన్న మాట కొట్టివేయవలెననియు ప్రార్థించుచున్నాను.

వేలితో నొక్కి చూచిన మీదట, రాయి తగిలితే రాయి అనియు, తగలకపోతే నా మాట నిజమనియు తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
ఒక చెయ్యి ఇంకా తడిగానే ఉన్న
తమ విధేయురాలు,
డాయెంగ్ తెనె

తా.క.: అయ్యా, పైదంతా రాసి సంతకం చేసిన మరునాడే తమరు ఫోను చేయించి రమ్మన్నారు. ఏం జరిగిందో తమకు తెలుసు, తమరక్కడే ఉన్నారు. అయినా ఇది ఎందుకు రాస్తున్నానంటే, కార్డు నా చేతికి వచ్చాక కూడా పాక్ హర్సోనో నన్ను పోనివ్వలేదు. "అర్జీ లేకుండా ఫైలు మూయడానికి లేదు డాయెంగ్, తెచ్చింది ఇవ్వండి, జరిగింది కింద రాయండి" అన్నారు. కాబట్టి తమ ముందు గదిలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నేను వచ్చేసరికి తమరు చొక్కా చేతులు మడిచి తొట్టె ముందు నిలబడి ఉన్నారు. పాక్ హర్సోనో తన నివేదిక ఇచ్చారని, దానికి ఫారం లేకపోతే తెల్లకాగితం మీద రాశారని తమరే చెప్పారు. అందులో ఒక్కటే వాక్యం ఉందన్నారు: "మూడు బేసిన్లలోనూ చెయ్యి పెట్టితిని, మూడవదానికి మాత్రమే నాకు గాయమైనది." తమరు దాన్ని ఎన్నిసార్లు చదివారో తెలియదు. నన్ను చూడగానే తొట్టెలో చెయ్యి పెట్టారు. నేను చెప్పకుండానే. అందులో ఒకదాన్ని పట్టుకుని, నొక్కి, మళ్ళీ నొక్కి, "దీనికి ఎముకే లేదే" అన్నారు, మోసపోయినవాడిలా.

"నాలుగు నెలలుగా అదే మనవి చేసుకుంటున్నానండి" అన్నాను.

"రిజిస్టరులో ఏ పేరు రాయమంటావు? నిజం చెప్పు."

నాకు వచ్చిన ఒక్క లాటిన్ పేరు చెప్పబోయి, అది సంచినోరుది గనుక ఆగాను. "మా దీవిలో మెత్తచెవి అంటామండి."

తమరు అదే రాశారు. కింద సంచినోరుకు విశ్వవిద్యాలయం పిల్ల చెప్పిన పేరు కూడా నాచేత అక్షరం అక్షరం చెప్పించుకుని రాశారు. దొంగ అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆ కాగితం ఈ సాయంత్రం మా ఆయనకు చదివి వినిపిస్తాను. రేపటి నుంచి బిళ్ళలు తూర్పుకు మారుస్తాం. ఫర్హాన్ ఫోను చేశాడు. కొత్త పేరు 'విడుదలైన సాక్ష్యం' అని పెడదామంటున్నాడు. వద్దన్నాను. మళ్ళీ అడుగుతాడు.

తమరు పెళ్ళికూతురి గురించి అడగలేక అడిగారు. రెండు రోజులుగా తినడం లేదని, అద్దం మూలకు పోయి అక్కడే ఉంటోందని. "దీన్ని ఏం చేయను డాయెంగ్?" అన్నారు. అధికారి అడిగినట్టు లేదు. నా ఇరవై ఒకటితోపాటు దాన్ని కూడా డబ్బాలో పెట్టి ఇచ్చేశారు.

రాయడం ఇంకా పూర్తికాలేదు, ఇంతలో పడవ వచ్చేసింది. ఈ చివరి ముక్క ఇంటికెళ్ళి, మరునాడు రాసి పంపుతున్నాను. తమరి చేప క్షేమం. మా బిళ్ళలకు పదడుగుల దూరంలో అసలైన సముద్రపు పువ్వు ఒకటుంది, బోడి పట్టీ లేనిది, నేను వేలితో తడిమి చూశాను. అందులో దూరి మొదటి పూటే రెండు రొయ్యపిల్లల్ని తిన్నది. ఒక చిన్న మగచేప అప్పుడే దాని వెనకాల తిరుగుతోంది. పెళ్ళికూతురు వాణ్ణి కరుస్తోంది, అంటే నచ్చాడన్నమాట.

చట్టప్రకారం తమరి చేప ఇప్పుడు నా స్థలంలో ఏ కాగితమూ లేకుండా ఉన్నది. దయచేసి తనిఖీకి పంపకండి. హర్సోనో తమ్ముణ్ణి ఊరికే పంపండి, డాయెంగ్ బాజి అడుగుతోంది. చేప తిరిగి కావలెనన్న తమరు విషయం స్పష్టంగా రాసి నాకు అర్జీ పెట్టుకోగలరు. పరిశీలిస్తాను.